ఒడ్డున పడ్డ డాల్ఫిన్‌ను సముద్రంలోకి తోసెయ్యొచ్చా?

డాల్ఫిన్లు, తిమింగలాలు ఒడ్డుకు కొట్టుకొస్తే ఏం చెయ్యాలంటూ వచ్చిన ఉత్తరాలకు ఈ నెల జవాబులు ఇస్తున్నాం. ఎక్కువ ఉత్తరాలు అడిగింది మొదటి ప్రశ్నే. అందుకే దానికి కాస్త ఎక్కువ చోటు ఇచ్చాం.

ప్రశ్న: మా బీచ్‌లో పొద్దున్నే ఓ డాల్ఫిన్ ప్రాణంతో పడి ఉంది. కుర్రాళ్లు తోక పట్టుకుని లాగి నీళ్లలో వదిలారు. మూడుసార్లు వదిలితే మూడుసార్లూ తిరిగొచ్చింది. మధ్యాహ్నానికి చచ్చిపోయింది. అసలేం చేసి ఉండాల్సింది?
– ఒక పాఠకురాలు, భీమునిపట్నం

జవాబు: కుర్రాళ్ల మనసు మంచిదే, పనే తప్పు. డాల్ఫిన్ ఒంటరిగా ఒడ్డుకు చేరిందంటే దాదాపు ప్రతిసారీ దానికి ఏదో ఒకటి అయి ఉంటుంది. ఊపిరితిత్తుల్లో జబ్బు కావచ్చు, వల కోసిన గాయం కావచ్చు, పడవ దెబ్బ కావచ్చు, తల్లి నుంచి తప్పిపోయిన పిల్ల కావచ్చు, ముసలితనం కావచ్చు. ఈదే ఓపిక లేని జంతువుకు మునిగిపోకుండా ఊపిరి తీసుకోవడానికి మిగిలే చోటు ఒడ్డే. దాన్ని మళ్లీ కెరటాల్లోకి తోస్తే ఉన్న కాస్త ఓపికా ఈదడానికే ఖర్చవుతుంది. మూడోసారి తిరిగొచ్చేసరికి డాక్టరు చెయ్యగలిగింది కూడా ఏమీ మిగలదు.

చూసిన వెంటనే ఫోన్ చెయ్యాలి. 112 ఎక్కడైనా పనిచేస్తుంది. మెరైన్ పోలీసులకు 1093, కోస్ట్‌గార్డ్‌కు 1554. తీర గ్రామాల వాళ్లయితే అటవీ శాఖ రేంజ్ ఆఫీసు నంబరు, మండల పశువైద్యుడి నంబరు ముందే ఫోన్‌లో వేసుకుని ఉంచుకోవాలి. ఆ రోజు వెతుక్కుంటే దొరకవు. ఫోన్‌లో చెప్పాల్సినవి: కచ్చితమైన చోటు (వాట్సాప్‌లో లొకేషన్ పంపితే మంచిది), బతికుందా చచ్చిందా, ఎన్ని ఉన్నాయి, సుమారు ఎన్ని అడుగుల పొడవు, గాయాలు కనిపిస్తున్నాయా, కెరటాలు దాని మీదికి వస్తున్నాయా. పక్కనుంచి ఒక ఫొటో, తల ఒకటి, తోక ఒకటి తీసి పంపండి. ఫ్లాష్ వద్దు.

తర్వాత జనాన్ని ఆపాలి. నిజానికి కష్టమైన పని ఇదే. నాలుగు కర్రలు పాతి, తాడు కట్టి, పది పదిహేను మీటర్ల అవతల నిలబెట్టండి. లోపల నలుగురైదుగురు చాలు. కుక్కల్ని కట్టేయించండి. అరుపులు, డప్పులు, పైన డ్రోన్ చప్పుడు ఏవీ ఉండకూడదు. శబ్దం మీదే బతికే జంతువు అది. చుట్టూ గోల మొదలైతే బెదిరి గిలగిలా కొట్టుకుంటుంది.

ఇప్పుడు జంతువు దగ్గరికి. డాల్ఫిన్ పొట్ట మీద బోర్లా ఉండాలి, తలమీది ఊపిరి రంధ్రం ఆకాశం వైపు ఉండాలి. పక్కకు ఒరిగి ఉంటే కెరటం వచ్చినప్పుడల్లా ఆ రంధ్రంలోకి నీళ్లు పోతాయి, కింద పడ్డ ఊపిరితిత్తి నలుగుతుంది. సరిచెయ్యాలంటే ముందు ఒక పక్క ఇసుక తవ్వి, పక్క రెక్కను ఒంటికి ఆనించి పట్టుకుని, ముగ్గురు నలుగురు అరచేతులతో ఒక్కసారిగా నెమ్మదిగా దొర్లించాలి. రెక్క పట్టుకుని లాగితే భుజం కీలు ఊడుతుంది. బోర్లా అయ్యాక రెండు పక్క రెక్కల కింద చెరో గుంట తవ్వండి. లేకపోతే ఒంటి బరువంతా వాటి మీద పడుతుంది. ఆ గుంటల్లో సముద్రపు నీళ్లు నింపితే రెక్కలు చల్లగా కూడా ఉంటాయి. చేతికి ఉంగరాలు, గాజులు, గడియారం ఉంటే ముందే తీసెయ్యండి. దాని చర్మం చాలా పల్చన, గోరు తగిలినా చీరుకుపోతుంది.

మన ఎండలో డాల్ఫిన్‌ను చంపేది ఎండిపోవడం కంటే వేడెక్కడమే. చర్మం కింద ఉన్న కొవ్వు పొర నీళ్లలో వెచ్చగా ఉంచుతుంది, ఇసుక మీద అదే శత్రువవుతుంది. లోపలి వేడి బయటికి పోయే దారులు వీపు రెక్క, పక్క రెక్కలు, తోక. వాటిలో కొవ్వు లేదు. కాబట్టి ఒళ్లంతా తడుపుతూనే ఈ మూడింటినీ అస్సలు ఆరనివ్వకండి. ఒంటి మీద పాత నూలు చీర, పంచె, లుంగీ తడిపి కప్పండి. గోనెసంచి గరుకు, చర్మం లేస్తుంది. పాలిస్టర్ నీళ్లు పట్టదు. బట్ట ఎండిపోతే లోపలి వేడిని బంధించేస్తుంది, కాబట్టి కొన్ని నిమిషాలకోసారి మగ్గుతో నీళ్లు పోస్తూనే ఉండాలి. ఊపిరి రంధ్రం మీద, కళ్ల మీద బట్ట పడకూడదు. రంధ్రం దగ్గర నీళ్లు పోసేటప్పుడు అది ఊపిరి తీసి మూసుకునేదాకా ఆగి, దాని వెనక వైపునుంచి పొయ్యండి. నాలుగు వెదురు కర్రలు లేదా తెడ్లు పాతి, పైన టార్పాలిన్ కట్టి నీడ వెయ్యండి. కంట్లో ఇసుక పడితే తుడవొద్దు, సముద్రపు నీళ్లు మెల్లగా జారవిడవండి. కొబ్బరినూనె, లోషన్, సన్‌స్క్రీన్ ఏదీ రాయకూడదు.

నోట్లో నీళ్లు పొయ్యకండి, చేప పెట్టకండి. డాల్ఫిన్ నోటితో ఊపిరి తీసుకోలేదు. గాలి దారి వేరు, తిండి దారి వేరు. మనిషికి ముక్కు మూసుకుపోతే నోరుంది, దీనికి ఆ వెసులుబాటు లేదు. ఊపిరి రంధ్రంలో ఇసుకో నీళ్లో పడితే అంతే.

నిలబడే చోటు గురించి ఒక మాట. జంతువుకూ సముద్రానికీ మధ్య ఎప్పుడూ నిలబడకండి. 150 కిలోల ఒళ్లు ఒక కెరటానికి దొర్లితే మీ కాలు విరుగుతుంది. తోక దగ్గరా వద్దు, మూతి దగ్గరా వద్దు. భుజాల పక్కన ఉండండి. అది ఊపిరి వదిలినప్పుడు మీ మొహం అక్కడ ఉండకూడదు. ఆ తుంపరలో మనుషులకు అంటుకునే క్రిములు ఉండొచ్చు. మాస్కు, గ్లవ్స్ వేసుకోండి. చేతిమీద కోసుకున్న గాయం ఉన్నవాళ్లు ముట్టుకోవద్దు. పని అయ్యాక సబ్బుతో కడుక్కోవాలి.

ఒకరు గడియారం పట్టుకుని కూర్చుని ఊపిరి లెక్కపెట్టాలి. పనిలేని వాడికి అప్పగించే పనిలా కనిపిస్తుంది గానీ డాక్టరు రాగానే అడిగేది ఇదే. ఒక పూర్తి నిమిషం చూడండి, టైముతో సహా కాగితం మీద రాయండి, పది నిమిషాలకోసారి మళ్లీ లెక్కపెట్టండి. చిన్న డాల్ఫిన్‌కు నిమిషానికి 2 నుంచి 5 సార్లు మామూలు. 10 దాటితే బాగా ఇబ్బందిలో ఉందని. పెద్ద తిమింగలమైతే ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య పది, పదిహేను నిమిషాలు కూడా పట్టొచ్చు. ఐదు నిమిషాలు కదల్లేదని చచ్చిపోయిందని ప్రకటించేయకండి.

సముద్రంలో వదలాలా వద్దా అనేది పశువైద్యుడు, అటవీ అధికారి కలిసి తేల్చాలి. డాల్ఫిన్‌ను ఉంచి వైద్యం చేసే కొలను మన రాష్ట్ర తీరంలో లేదు. అందుకే ఈ నిర్ణయం వాళ్లకూ తేలిక కాదు. వదలమంటే ఇలా: తోక పట్టుకుని లాగకూడదు. వెన్నెముక చివర కీళ్లు సడలిపోతాయి, అలా లాగిన డాల్ఫిన్ నీళ్లలో వదిలినా తోక ఆడించలేదు. మందపాటి టార్పాలిన్‌ను పొడవునా సగానికి చుట్టి, జంతువును కొద్దిగా ఒక పక్కకు ఒరిగించి, ఆ చుట్ట కిందికి తోసి, రెండో పక్కనుంచి విప్పాలి. రెండున్నర మీటర్ల డాల్ఫిన్‌కు అటు నలుగురు ఇటు నలుగురు, పట్టు జారని మనుషులు కావాలి. పక్క రెక్కలు నలగకుండా టార్పాలిన్‌కు రెండు కంతలు కోస్తే ఇంకా మంచిది. కెరటాలు విరిగే చోట వదలొద్దు. దగ్గర్లో జెట్టీ చాటునో, మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గరో నీళ్లు నిలకడగా ఉన్న చోటికి బండిలో తీసుకెళ్లడమే మేలు, బండిలో కింద పరుపో తడి ఇసుకో వేసి. నడుము లోతు నీళ్లలో పట్టుకుని, ఊపిరి రంధ్రం పైకి ఉండేలా మెల్లగా అటూ ఇటూ ఊపుతూ ఉండాలి. చాలాసేపు ఒక పక్కకు పడుకున్నదానికి తూకం వెంటనే రాదు, అరగంట కూడా పట్టొచ్చు. అదంతట అది నిలబడి, క్రమంగా ఊపిరి తీసుకుని, తోక కొట్టడం మొదలెడితేనే చేతులు వదలాలి. ఆ తర్వాత రెండు రోజులు అటూ ఇటూ కొన్ని కిలోమీటర్ల తీరం చూస్తూ ఉండాలి. మళ్లీ కొట్టుకొస్తే రెండోసారి తొయ్యొద్దు.

ప్రశ్న: డాల్ఫిన్ గాలే పీల్చుకుంటుంది కదా, మరి ఒడ్డున ఎందుకు చచ్చిపోతుంది?
– ఒక విద్యార్థిని, కావలి

జవాబు: మంచి ప్రశ్న. నీళ్లలో ఉన్నంతసేపూ దాని బరువును నీళ్లే మోస్తాయి. ఆ ఎముకలు, కండరాలు బరువు మోసేందుకు తయారు కాలేదు. ఇసుక మీద పడగానే సొంత బరువే ఛాతీని నొక్కుతుంది, ఊపిరి పైపైన తీసుకుంటుంది, పొట్ట కింది కండరాలకు రక్తం సరిగా అందదు. కొన్ని గంటలకు ఆ కండరాలు చితికి అందులోని ఎర్రటి పదార్థం రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కూలిన గోడ కింద గంటల తరబడి ఇరుక్కుని బయటపడ్డ మనిషికి ఆస్పత్రిలో వచ్చే చిక్కు లాంటిదే ఇది. అందుకే హుషారుగా ఈదుకుంటూ వెళ్లిన డాల్ఫిన్ కూడా ఒకటి రెండు రోజుల తర్వాత లోతులో చచ్చిపోవచ్చు. వీడియోలో మనకు కనిపించేది అది వెళ్లిపోయిన దృశ్యం ఒక్కటే. పైగా ఎండ, భయం. ఒడ్డున ఎంత తక్కువ సేపు ఉంటే అంత మంచిదన్నది నిజమే. కానీ ఆ తొందరలో తోక పట్టి లాగితే ఆదా అయిన పది నిమిషాలకు ఫలితం లేదు.

ప్రశ్న: మేము అలివి వల (ఒడ్డునుంచి లాగే పెద్ద వల) లాగుతుంటే ఒక్కోసారి వల సంచిలో డాల్ఫిన్ పడుతుంది. వల కొయ్యకుండా వదిలే దారి ఉందా? కేసు అవుతుందేమోనని మావాళ్లు భయపడతారు.
– ఒక మత్స్యకారుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చాలాసార్లు వల కొయ్యకుండానే వదలొచ్చు. వీపు కనపడగానే రెండు పక్కల తాళ్లూ లాగడం ఆపండి. చుట్టూ ఉన్న వల అంచును, అంటే బెండ్ల తాడును, సముద్రం వైపు ఒక చోట నీళ్లలోకి నొక్కి పట్టుకోండి. ఇద్దరు చాలు. డాల్ఫిన్ అంతెత్తు ఎగరగలదు గానీ బెండ్ల మీదుగా మాత్రం దూకదు. పైన దారి ఖాళీగా కనిపిస్తేనే బయటికి పోతుంది. రెండో పక్కనుంచి నీళ్లు కొడుతూ తరమడం వద్దు, బెదిరి వలలోకే చొచ్చుకుపోతుంది.

చుట్టుకుపోయి ఉంటే వేరు లెక్క. ముందు తల పైకి, ఊపిరి రంధ్రం గాలిలోకి రావాలి. మిగతాదంతా దాని తర్వాతే. నీళ్లలో మునిగి ఉన్న డాల్ఫిన్‌కు ఉండేది కొన్ని నిమిషాలే. ఒకరు తలను ఎత్తి పట్టుకుంటే ఇంకొకరు మొన లేని కత్తితో తల దగ్గర, పక్క రెక్కల దగ్గర వల కన్నులు కొయ్యాలి. తోక దగ్గరిది అన్నిటికంటే చివర్న. ముందే తోక వదిలితే కొట్టే దెబ్బకు మీకూ గాయం, మిగిలిన వల ఇంకా బిగుస్తుంది. నైలాన్ దారం చర్మంలోకి దిగి ఉంటే లాగొద్దు. డాక్టరు వచ్చేదాకా ఆగగలిగితే ఆగండి. ఒక్క ముక్క తాడు కూడా ఒంటి మీద మిగల్చకూడదు. ఆ ముక్క తర్వాత ఇంకెక్కడో చిక్కుకుని చంపుతుంది. బోటులో ఉంటే ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టి పక్కకు చేర్చుకోండి. తోకకు తాడేసి విన్చ్‌తో పైకి ఎత్తడం అంటే దాన్ని చంపడమే.

ఇక భయం సంగతి. డాల్ఫిన్లు, తిమింగలాలు అన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో, అంటే అత్యధిక రక్షణ ఇచ్చే జాబితాలో ఉన్నాయి. చిక్కుకున్నదాన్ని వదిలి, జరిగింది చెప్పినవాళ్ల మీద కంటే చచ్చిన డాల్ఫిన్‌ను గుట్టుగా కోసి పంచుకున్నవాళ్ల మీదే చట్టం చూపు పడుతుంది. చచ్చినా దాచకండి, చెప్పండి. వదిలేటప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకుంటే మీకే మంచిది. ఒడ్డుకు దగ్గరగా వేసే వలల్లో వీపు రెక్క లేని చిన్న జాతి కూడా పడుతుంది. మీటరున్నర పొడవు, బూడిద రంగు, ముక్కు లేని గుండ్రటి మూతి. పెద్ద డాల్ఫిన్ పిల్ల అనుకుని చాలామంది దాని తల్లి కోసం వెతుకుతారు. అదే పూర్తిగా పెరిగిన జంతువు.

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లా మేఘవరం దగ్గర పెద్ద తిమింగలం కొట్టుకొచ్చిందని చదివాం. అంతటిది ప్రాణంతో వస్తే జేసీబీలతో లాగి బతికించలేమా? ఒకేసారి గుంపుగా వస్తే?
– ఇద్దరు పాఠకులు, టెక్కలి, రాజమహేంద్రవరం

జవాబు: సంతబొమ్మాళి మండలం మేఘవరం తీరానికి 2023 జూలైలో వచ్చింది చచ్చిన తిమింగలం. నీలి తిమింగలమని, సుమారు 25 అడుగులని పత్రికలు రాశాయి. నీలి తిమింగలం పిల్ల పుట్టినప్పుడే సుమారు 23 అడుగులు ఉంటుంది. అంటే జనం దాని మీదికెక్కి ఫొటోలు దిగేంత పెద్దదిగా కనిపించినా, ఆ జాతిదే అయితే అది ఇంకా పాలు తాగే పిల్ల.

ప్రాణంతో వచ్చిన పెద్ద తిమింగలానికి మామూలు మనుషులు చెయ్యగలిగింది చాలా తక్కువ. ఆ మాట ఒప్పుకోవడమే కష్టం. టన్నుల బరువు, పట్టుకోవడానికి చోటు లేదు. జేసీబీ బకెట్ తగిలినచోట చర్మం, కొవ్వు కలిపి ఊడొస్తాయి. తోకకు తాడేసి బోటుతో లాగితే తోక కీలు ఊడుతుంది, నీళ్లలో తలకిందులై మునుగుతుంది. పైగా మన తీరంలో పోటుకూ పాటుకూ తేడా పెద్ద పోటు రోజుల్లో కూడా సుమారు మీటరున్నరే. పోటు బాగా ఎక్కువగా ఉండే గుజరాత్ ఖంభాత్ అఖాతంలో లాగా పోటు వచ్చి ఎత్తుకుపోతుందిలే అని కూర్చునే వీలు లేదు. చెయ్యాల్సింది ఫోన్, దూరం, నిశ్శబ్దం. దగ్గరికి వెళ్లడం ప్రమాదం కాకపోతే నీళ్లు పోస్తూ ఉండటం. చివరికి బాధ లేకుండా చనిపోనివ్వడమే సరైన నిర్ణయం కావచ్చు. దాన్ని నిర్దయ అనుకుని అధికారుల మీద తిరగబడకండి.

గుంపు సంగతికి తమిళనాడు తూత్తుకుడి జిల్లా మణప్పాడు తీరం చూడండి. 2016 జనవరిలో అక్కడ 80కి పైగా పైలట్ తిమింగలాలు ఒడ్డెక్కాయి. జాలర్లు, అధికారులు రాత్రంతా లోతుకు పంపితే చాలా తిరిగొచ్చాయి. సగానికి పైగా చచ్చాయి. అదే తీరంలో 1973 జనవరిలో 147 కొట్టుకొచ్చాయి. ఈ జాతి గుంపును వదలదు. ఒకటి ఒడ్డున పడి పిలుస్తుంటే నీళ్లలో ఉన్నవి వెనక్కి తిరుగుతాయి. కాబట్టి ఒక్కొక్కటిగా వదలకూడదు. వదలదగ్గవాటిని లోతు తక్కువ నీళ్లలో ఒకచోట చేర్చి, ఒకదాని గొంతు ఒకటి వినేంత దగ్గరగా, బోర్లా నిలబెట్టి ఉంచి, అన్నిటినీ కలిపి పంపాలి. పిల్లలను తల్లి పక్కనే ఉంచాలి. వదిలాక బోట్లు వరసగా నిలిచి ఒడ్డువైపు తిరగకుండా అడ్డుకోవాలి. 2017 ఫిబ్రవరిలో న్యూజిలాండ్ ఫేర్‌వెల్ స్పిట్‌లో 400కు పైగా పైలట్ తిమింగలాలు వచ్చినప్పుడు శిక్షణ పొందినవాళ్లతో సహా వాలంటీర్లు పెద్ద సంఖ్యలో మెడలోతు నీళ్లలో చేతులు పట్టుకుని గోడకట్టి నిలబడ్డారు. అయినా వందల సంఖ్యలో చచ్చాయి. అంతమంది, అంత శిక్షణ మన దగ్గర ఇంకా లేదు. ఇలా ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు (స్ట్రాండింగ్) ఎవరేం చెయ్యాలో చెబుతూ కేంద్ర పర్యావరణ శాఖ 2021 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. తీర మండలాల్లో అవి తెలుగులో గోడల మీదికి వస్తే బాగుంటుంది.

ప్రశ్న: చచ్చిన తిమింగలం పేలుతుందంటారు, నిజమేనా? దాన్ని ఏం చెయ్యాలి? ఆంబర్‌గ్రిస్ దొరికితే కోట్లు వస్తాయట కదా.
– ఒక పంచాయతీ సభ్యుడు, బాపట్ల జిల్లా

జవాబు: కుళ్లేకొద్దీ లోపల వాయువు నిండి పొట్ట బూరలా ఉబ్బుతుంది. 2004 జనవరిలో తైవాన్ తైనాన్ నగరంలో లారీ మీద తీసుకెళ్తున్న స్పర్మ్ తిమింగలం నడివీధిలో పగిలి దుకాణాల మీద, వాహనాల మీద పేగులు, రక్తం చిమ్మాయి. కాబట్టి ఉబ్బిన కళేబరానికి కత్తి పెట్టకండి, ఎక్కకండి. ఆ పని పశువైద్యుడిది. 1970 నవంబరులో అమెరికాలోని ఆరెగాన్ తీరంలో ఇంకో తెలివి చూపించారు: అర టన్ను డైనమైట్ పెట్టి పేల్చారు. ముక్కలు నాలుగు వందల మీటర్ల అవతల కారును నుజ్జు చేశాయి, తిమింగలంలో పెద్ద భాగం అక్కడే మిగిలింది.

మీ పంచాయతీ చెయ్యాల్సింది: ముందు అటవీ శాఖకు కబురు. వాళ్లు వచ్చేలోపు కొలత, ఫొటోలు. పొడవు మూతి కొస నుంచి తోక మధ్య నొక్కుదాకా, ఒంటి పక్కన నేల మీద టేపు తిన్నగా పరచి కొలవాలి. ఒంటి వంపు మీదుగా కొలిస్తే ఎక్కువొస్తుంది. ఫొటోలో పక్కన స్కేలో కర్రో పెట్టండి. పూర్తి పక్క, తల, నోటి లోపల పళ్లు, వీపు రెక్క, తోక, పొట్ట కింది చీలిక, గాయాలు తీయాలి. పొట్ట కింది చీలికతో ఆడో మగో తెలుస్తుంది, పళ్లతో జాతి తెలుస్తుంది. మన వేడికి ఒక రోజు దాటితే లోపలి అవయవాలు పరీక్షకు పనికిరావు. పొద్దున చూసింది సాయంత్రం చెబుదామనుకోకండి. విశాఖపట్నంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ కేంద్రానికి కూడా ఫొటోలు పంపితే జాతి గుర్తింపుకు ఉపయోగం.

శవపరీక్ష అయ్యాక పూడ్చడం. పెద్ద పోటు గీత కంటే పైన, తాగునీటి బావులకు దూరంగా, కళేబరం మీద కనీసం రెండు మీటర్ల ఇసుక పడేంత లోతు గొయ్యి కావాలి. లోతు తగ్గితే కుక్కలు తవ్వుతాయి, తుపాను వస్తే బయటపడుతుంది. లోతుకు లాగి వదిలేస్తే గాలి మారగానే పక్క ఊరికి చేరుతుంది. పూడ్చినచోట గుర్తు పెట్టండి, అస్థిపంజరం తర్వాత మ్యూజియానికి పనికొస్తుంది.

మాంసం, కొవ్వు, పళ్లు, ఎముక ముక్క, ఏదీ ఇంటికి తీసుకుపోకూడదు. చచ్చిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. చేతికి ఏదైనా వస్తే 48 గంటల్లోపు పోలీసులకో అటవీ అధికారులకో చెప్పాలి. ఆంబర్‌గ్రిస్ అంటే అత్తరుల్లో వాడే మైనం లాంటి ముద్ద, స్పర్మ్ తిమింగలం పేగుల్లో తయారవుతుంది. మన దేశంలో దాన్ని దగ్గర పెట్టుకున్నా, అమ్మినా నేరమే. మొదటి షెడ్యూల్ జంతువుల విషయంలో 3 నుంచి 7 ఏళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. కోట్లు వస్తాయని చెప్పేవాళ్లు ఈ సంగతి చెప్పరు. తీరంలో దొరికిన మైనం ముద్దల్లో ఎక్కువ భాగం ఆంబర్‌గ్రిస్ కూడా కాదు, ఓడల నుంచి పడ్డ మైనమో గడ్డకట్టిన నూనో.

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలో ఉంటాం. హాఫ్ మూన్ బే దగ్గర బీచ్‌లో సీల్ పిల్ల ఒంటరిగా అరుస్తోంది. మావారు కార్లో పెట్టుకుని తీసుకెళ్దామన్నారు. నేను ఆపాను. సరే చేశానా?
– ఒక పాఠకురాలు, శాన్ హోసే

జవాబు: సరిగ్గా చేశారమ్మా. డాల్ఫిన్‌కూ సీల్‌కూ ఇక్కడే తేడా. సీల్ ఒడ్డున పడి ఉండటం జబ్బు కాదు, విశ్రాంతి. మీ తీరంలో హార్బర్ సీల్స్ వసంతంలో పిల్లల్ని కంటాయి. తల్లి వేటకు పోతూ పిల్లను ఒడ్డున వదిలి వెళ్తుంది. మనుషులు చుట్టూ నిలబడితే దూరంగా నీళ్లలో తల మాత్రం పైకి పెట్టి చూసి, దగ్గరికి రాకుండా వెళ్లిపోతుంది. అంటే కాపలా కాస్తున్నామనుకున్నవాళ్లే తల్లినీ పిల్లనూ విడదీస్తారు. నీళ్లు చల్లకండి, తువ్వాలు కప్పకండి, సముద్రంలోకి తొయ్యకండి. ఒళ్లు ఆరబెట్టుకుని వెచ్చబడటానికే అది ఒడ్డెక్కింది. కనీసం 50 గజాల దూరం, అంటే 150 అడుగులు. ముట్టుకోవడం అక్కడి సముద్ర క్షీరద రక్షణ చట్టం కింద నేరం. ఆ చట్టమూ మన వన్యప్రాణి చట్టంలాగే 1972లోనే వచ్చింది. దూరంనుంచి ఫొటో తీసి, పశ్చిమ తీరం హెల్ప్‌లైన్ 1-866-767-6114కు ఫోన్ చెయ్యండి. మీ ప్రాంతానికి సాసలిటోలోని మెరైన్ మామల్ సెంటర్ వాలంటీర్లు వస్తారు.

ఒక్క హెచ్చరిక. సీల్‌కు దగ్గరి జంతువైన సీ లయన్ మెడ వెనక్కి విరిచి తల అటూ ఇటూ ఊపుతూ, వణుకుతూ కనిపిస్తే సముద్రపు నాచు విషం తలకెక్కిందని అనుమానించాలి. అప్పుడది పారిపోదు, ఉన్నట్టుండి మీదికొచ్చి కరుస్తుంది. పిల్లల్ని, కుక్కను కార్లో కూర్చోబెట్టాకే ఫోన్ తియ్యండి.

ప్రశ్న: మా ఊళ్లో డాల్ఫిన్ వస్తే గంగమ్మ తల్లి పంపిందని పసుపు కుంకుమలు చల్లి కొబ్బరికాయ కొడతారు. తప్పా?
– ఒక పాఠకుడు, అంతర్వేది

జవాబు: చచ్చినదానికైతే దూరంనుంచి మీ మొక్కు మీరు తీర్చుకోండి, ముట్టుకోకుండా. ప్రాణంతో ఉన్నదాని మీద మాత్రం పొడి చల్లొద్దు. ఊపిరి రంధ్రంలో పసుపు పడితే నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. పూజ తాడు అవతల చేసుకోమని పెద్దలతో చెప్పించండి. పెద్దలు చెబితే జనం వెనక్కి జరుగుతారు, మీకు కాపలా పని కూడా తగ్గుతుంది.

ప్రశ్న: పెద్ద చేపో తిమింగలమో దూరంనుంచి ఎలా పోల్చుకోవాలి? తెలిస్తే ఏం లాభం?
– ఒక పాఠకుడు, అచ్యుతాపురం

జవాబు: తోక చూడండి. తోక నేలకు అడ్డంగా పరుచుకుని ఉంటే తిమింగలం, డాల్ఫిన్ జాతి. నిలువుగా కత్తిలా లేచి ఉంటే చేప, అంటే సొర. ఒంటి మీద తెల్ల చుక్కలుండి, మూతి వెడల్పుగా, చివరంటా నోరు ఉంటే తిమింగల సొర. 2021 డిసెంబరులో మీ దగ్గరి తంతడి తీరంలో వలలో చిక్కితే అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి లోతుకు పంపింది దాన్నే.

లాభం చాలా ఉంది, ఎందుకంటే రెండింటికీ చెయ్యాల్సింది పూర్తిగా వేరు. సొర మొప్పలతో ఊపిరి తీసుకుంటుంది, నీళ్లు లేకపోతే నిమిషాల్లోనే చచ్చిపోతుంది. తంతడిలో చేసింది అందుకే సరైంది. బతికున్న తిమింగల సొరను డాక్టరు కోసం ఒడ్డున ఆపకండి. ఫోన్ చేస్తూనే, తోకకు తాడు కట్టకుండా, వలతో సహా లోతుకు జరిపి అక్కడ వల విప్పండి. మొప్పల్లోకి వేళ్లు పెట్టి పట్టుకోవద్దు. డాల్ఫిన్ అయితే మొదటి జవాబులో చెప్పినట్టు నీడ, తడిబట్ట, గడియారం.